సౌత్‌సైడ్ మోహన, రెండో వైపు

2009 అక్టోబర్ మూడో తేదీ, శనివారం. దసరా వెళ్ళిన ఐదో రోజు. ఆ మధ్యాహ్నం గౌరీశంకర్ కందిపొడి కలుపుకుని అన్నం తిన్నాడు. నెయ్యి కాస్త ఎక్కువే వేసుకున్నాడు. మైక్రోవేవ్‌లో కాల్చిన అప్పడం ఒక పక్క మాడి, రెండో పక్క పచ్చిగా ఉండిపోయింది. మధ్యలో అరచెయ్యంత మేర మాత్రం బాగా కాలింది. అదైనా దక్కిందనుకుని అంతవరకూ తుంచుకు తిన్నాడు. భార్య పోయాక, చికాగో శివారు అరోరాలోని ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఆయన ఒక్కడే తింటున్నాడు. అలాంటి భోజనాలు వందలు జరిగాయి, ఏదీ గుర్తులేదు. ఇది గుర్తుండిపోవడానికి కారణం, చెయ్యి కడుక్కుంటూ ఉండగా వాసుదేవరావు నుంచి వచ్చిన ఫోన్.

"ఒరేయ్ శంకరం, ఇల్లు అమ్ముడుపోయిందిరా. పదహారున క్లోజింగ్, సంతకాలు పెట్టి తాళాలిచ్చేయాలి. ఆ సాయంత్రమే ఫ్లైట్. ఇర్వింగ్‌లో మా అబ్బాయి రవికాంత్ వాళ్ళ పక్కనే అపార్ట్‌మెంట్ బుక్ చేశాడు. రెండే గదులు, బేస్‌మెంట్ లేదు. రికార్డులన్నీ సోమవారం చికాగో నుంచి షాపువాడొచ్చి పట్టుకెళ్తాడు. ఈలోగా నీకేం కావాలో ఏరుకో."

"నాకేం కావాల్రా, ఉన్నవి వినడానికే టైమ్ చాలడం లేదు," అన్నాడు గౌరీశంకర్. అంటూనే తడి చేత్తో కార్ తాళాల కోసం జేబు తడుముకున్నాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే. దాని కోసం ఇరవై మూడేళ్ళుగా లోపల్లోపల ఉడికిపోతున్నాడు.

ఇద్దరూ 1971లో మూడు నెలల తేడాతో ఇల్లినాయ్ వచ్చారు. గౌరీశంకర్ ఉక్కు ఫ్యాక్టరీలో మెటలర్జీ ఇంజినీరు, వాసుదేవరావు ఆసుపత్రిలో మత్తు డాక్టరు. చికాగోలో ఒక చలికాలం వెచ్చదనం కోసం దూరిన నేలమాళిగ షాపులో ఇద్దరికీ జాజ్ అంటుకుంది. తర్వాత జాజ్‌కి రాక్‌నీ, మన రాగాల్నీ కలిపి వాయించే ఫ్యూజన్ రికార్డులు వచ్చాయి. అప్పటినుంచి వారాంతాలు పాత సామాన్లు అమ్మే గ్యారేజ్ సేల్సూ, చర్చి సేల్సూ తిరగడమే పని. పోట్లాట రాకుండా వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. సేల్ బయట నిలబడి క్వార్టర్ నాణెం ఎగరేసేవారు. గెలిచినవాడు ఎడమ వైపు పెట్టెలు కావాలో కుడి వైపువి కావాలో కోరుకునేవాడు. ఒకడి వైపు పెట్టెల్లో రెండోవాడు చెయ్యి పెట్టకూడదు. దొరికిందాని గురించి ఏడవకూడదు.

1986 జూన్‌లో ఓక్ పార్క్‌లో ఒక చర్చి సేల్‌కి వెళ్ళారు. క్వార్టర్ గౌరీశంకర్ గెలిచాడు. ఎడమ అన్నాడు. ఎడమ పెట్టెల్లో క్రిస్మస్ పాటలు తప్ప ఏమీ లేవు. కుడి వైపు రెండో పెట్టెలో వాసుదేవరావుకి ‘సౌత్‌సైడ్ మోహన’ దొరికింది.

విజయనగరం నుంచి చదువుకోడానికి వచ్చిన చక్రపాణి అనే వయొలిన్ కుర్రాడు, చికాగో సౌత్‌సైడ్‌లో నలుగురు జాజ్ వాళ్ళతో కలిసి 1973లో వాయించిన రికార్డు అది. మూడు వందల కాపీలు వేశారు. పంచకముందే గోదాంలోకి వరద నీళ్ళొచ్చి చాలావరకు పోయాయి. గౌరీశంకర్ తన పర్సులో మడిచి పెట్టుకునే వెతుకులాట చిట్టాలో అది పన్నెండేళ్ళు మొదటి పేరు. వాసుదేవరావు దాన్ని ఒక్క డాలర్‌కి కొని, సమోసా తిన్న చేత్తోనే సంచిలో వేసుకున్నాడు.

అసూయ అనే మాట గౌరీశంకర్ ఎప్పుడూ వాడలేదు. "వాడికి విలువ తెలీదు," అని మాత్రం అనేవాడు. వాసుదేవరావు ఇంటికి ఎప్పుడు వెళ్ళినా బాత్‌రూమ్ వంకతో బేస్‌మెంట్‌లోకి దిగి, మూడో అరలో అట్ట అంచుని అంగుళం బయటికి లాగి చూసి మళ్ళీ తోసేసేవాడు. అది అమ్మేశాడనో, ఎవరికైనా ఇచ్చేశాడనో తెలిస్తే కాస్త నిద్ర పట్టేదేమో. అది ఎప్పుడూ అక్కడే ఉండేది. పెట్టి వినిపిస్తానని వాసుదేవరావు ఎన్నోసార్లు అన్నాడు. "ఇంకోసారి చూద్దాంలే," అనేవాడు గౌరీశంకర్. వింటే బాగుందని చెప్పాల్సివస్తుంది. ఆ మాట వాడి ఇంట్లో, వాడి సోఫాలో కూర్చుని చెప్పడం ఆయన వల్ల కాదు. అలా ఇరవై మూడేళ్ళూ వినకుండానే గడిపాడు.

ఆ శనివారం నేపర్‌విల్‌లోని ఇల్లు సగం అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయి ఉంది. వాసుదేవరావు భార్య అనంతలక్ష్మి గుడికి వెళ్ళింది. గౌరీశంకర్ మర్యాద కోసం అవీ ఇవీ తిరగేసి, నాలుగు అక్కర్లేని రికార్డులు తీసి, వాటి మధ్యన ఐదోదిగా దాన్ని పెట్టాడు.

వాసుదేవరావు ఆ ఐదిట్నీ పేకముక్కల్లా విప్పి చూసి నవ్వాడు. "మిగతా నాలుగూ ఎందుకురా, పెళ్ళికూతురి వెంట తోడుపెళ్ళికూతుళ్ళా?"

"ఏదీ వద్దులే, పెట్టెయ్."

"ఊరుకోరా. ఆ రోజు నీ మొహం నాకింకా గుర్తుంది. కార్‌లో ఓక్ పార్క్ నుంచి ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దీన్ని తీసుకుని ఇకనైనా నన్ను క్షమించు."

వాడికి తెలుసన్నమాట. అన్నేళ్ళూ తెలుసు. ఇచ్చినందుకు సంతోషించాలో, తెలిసినందుకు సిగ్గుపడాలో తేలక గౌరీశంకర్ రికార్డుల్ని వెనక సీటులో పెట్టి, వాటికి సీట్‌బెల్ట్ కూడా పెట్టాడు.

ఇంటికొచ్చి టేబుల్ మీద తెల్లటి తువ్వాలు పరిచి, లైటు దగ్గరికి లాగి, డిస్క్ బయటికి తీశాడు. తీయగానే ప్రాణం ఉసూరుమంది. మొదటి వైపు పరవాలేదు. రెండో వైపు సూది నడిచే గాళ్ళు అరిగి బూడిదరంగు తేలాయి. ఇక మధ్యన లేబుల్ మీద, సరిగ్గా చక్రపాణి పేరు పక్కన, చిటికెన వేలి గోరంత బొట్టు. అడుగున పసుపు, పైన కుంకుమ, ఎన్నో దసరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని పెచ్చుకట్టింది.

"అనంతలక్ష్మి పని," అనుకున్నాడు.

తన ఇంట్లోనూ ఒకసారి ఇలా జరగబోయింది. 1983 సరస్వతీపూజ నాడు ఆయన భార్య పద్మిని పుస్తకాలతోపాటు ఒక రికార్డుని కూడా పీట మీద పెట్టి బొట్టు పెట్టింది. గౌరీశంకర్ కోప్పడలేదు. ఆయనకి కోప్పడే అలవాటు లేదు. లేబుల్ కాగితం గురించీ, తేమ గురించీ, రికార్డు ఎంత కొత్తగా ఉందో చూసి విలువ కట్టే గ్రేడింగ్ గురించీ ఇరవై నిమిషాలు ఓపిగ్గా వివరించాడు. పద్మిని అంతా విని, "సరేనండీ," అంది. మళ్ళీ ఏ దసరాకీ ఆ ఇంట్లో రికార్డు పీట ఎక్కలేదు. అదే తనకీ వాసుదేవరావుకీ తేడా అని అప్పుడప్పుడు అనుకునేవాడు. ఇప్పుడూ అదే అనుకుని కాస్త గర్వపడ్డాడు.

తర్వాత పనిలోకి దిగాడు. మెత్తటి రబ్బరుతో పెచ్చు పైపొర రాల్చాడు. దూదిపుల్లని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, బొట్టు అంచు నుంచి లోపలికి ఒక్కో వరసా తుడిచాడు. కాగితం చిరగకూడదు, అక్షరం చెదరకూడదు. రెండున్నర గంటలు పట్టింది. నలభై దూదిపుల్లలు అయ్యాయి. చివరికి లేబుల్ కొత్తదానిలా తేలింది. ఆ తర్వాత డిస్క్‌ని కడిగి, మరునాటిదాకా ఆరాలని స్టాండులో నిలబెట్టాడు. ఆ రాత్రి చాలాకాలం తర్వాత హాయిగా నిద్రపోయాడు. కలలో కూడా కుడి వైపు పెట్టెలే కనిపించాయి.

ఆదివారం సాయంత్రం ఆరింటికి అనంతలక్ష్మి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, భోజనం ఏం చేశారు?"

"ఏదో చేశానమ్మా. పెరుగన్నం."

"మీరు నిన్న పట్టుకెళ్ళినవాటిలో ఆ మోహన రికార్డు ఉందట."

"ఉందమ్మా. వాడే ఇచ్చాడు," అన్నాడు తొందరగా.

"ఆయనకేం తెలుసు. పర్లేదు, మీరే ఉంచుకోండి. మీ దగ్గరుండటమే న్యాయం కూడాను. ఒక్క మాట చెబుదామని చేశాను. దాని మధ్యన బొట్టుంది చూడండి. దాన్ని మాత్రం తుడవకండి. పద్మిని పెట్టింది."

గౌరీశంకర్ చెత్తబుట్ట వైపు చూశాడు. ఎర్రటి మొనలతో దూదిపుల్లలు పైనే ఉన్నాయి.

"వింటున్నారా అన్నయ్యగారూ?"

"వింటున్నానమ్మా. నేను వస్తున్నా."

రూట్ 59 మీద ఆ రోజు అన్ని సిగ్నళ్ళూ ఎరుపే పడ్డాయి. ఆలస్యం చేసిన ఒక్కో సిగ్నల్‌కీ ఆయన మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. చెప్పకుండా ఉండొచ్చు. రికార్డు ఇచ్చేసి, లేబుల్ చూడకముందే వెనక్కి వచ్చేయొచ్చు. అలా కొంతసేపు ఆలోచించాక, అసలు బాధ అది కాదని తెలిసింది. పద్మిని బొట్టు వాసుదేవరావు ఇంటి రికార్డు మీద ఏం చేస్తోంది? ఇరవై మూడేళ్ళుగా ఒక గిన్నె కిందున్న మంట ఒక్కసారిగా వేరే గిన్నె కిందికి జరిగినట్టయింది.

అనంతలక్ష్మి తలుపు తీసింది. పంజాబీ డ్రెస్ మీద మగవాళ్ళ స్వెట్టర్, చేతిలో ప్యాకింగ్ టేపు. లోపల వాసుదేవరావు సోఫాలో పడుకుని టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నాడు.

"ఏరా, కన్యాదానం చేసి ఒక్క రోజు కాలేదు, అప్పుడే పుట్టింటికి తీసుకొచ్చావ్?" అన్నాడు పడుకునే.

గౌరీశంకర్ కూర్చోలేదు. "తుడిచేశానమ్మా," అన్నాడు. "నువ్వు ఫోన్ చేసేటప్పటికే. నిన్ననే."

అనంతలక్ష్మి అట్ట అందుకుని డిస్క్ బయటికి లాగింది. రెండు బొటనవేళ్ళూ గాళ్ళ మీదే పెట్టి పట్టుకుని, లైటు కిందికి వెళ్ళి లేబుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"శుభ్రంగా తుడిచారు," అంది.

ఆ మాట తిట్టులా లేదు. మెచ్చుకోలులానూ లేదు. గౌరీశంకర్‌కి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అది మీ ఇంటి రికార్డు కదమ్మా. పద్మిని ఎందుకు..."

"మంగళవారాలు వచ్చేది కదండీ."

"పారాయణానికి."

"పారాయణం ఇరవై నిమిషాలు. తర్వాత ఇది."

టీవీలో గొంతు తగ్గింది. "ఏంటీ?" అన్నాడు వాసుదేవరావు లేచి కూర్చుని. "పదకొండేళ్ళూ మీరిద్దరూ దిగువన కూర్చుని నా రికార్డు విన్నారా? నా స్టైలస్‌తోనా?"

"మరి వేలితో వాయిస్తుందా?"

"నాకు చెప్పాలా వద్దా?"

"చెప్తే ఏం చేసేవారు? సూదికి ఎన్ని గంటల ఆయుష్షో చెప్పి, ఒక చార్టు గీసి గోడకి అంటించేవారు. మీరూ అన్నయ్యగారూ కలిసి."

వాసుదేవరావు రిమోట్ పక్కన పెట్టాడు. చార్టు గీసేవాడినే అని ఆయనకీ తెలుసు.

గౌరీశంకర్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "మా ఇంట్లో రెండు వేల రికార్డులున్నాయి," అన్నాడు. "ఒక్కరోజు కూడా ఫలానాది పెట్టమని నన్నడగలేదు. తనకి ఇష్టం లేదనుకున్నాను."

అనంతలక్ష్మి లోపలికి వెళ్ళి, ఆయన అడక్కుండానే చక్కెర తగ్గించి టీ తెచ్చి ఇచ్చింది. ఆ వేడి కప్పుతో చేతులకి ఒక పని దొరికినట్టయింది.

"ఒకసారి అడిగిందటండీ," అంది ఎదురుగా అట్టపెట్టె మీద కూర్చుంటూ. "చెయ్యి కడుక్కుని రమ్మన్నారట. కడుక్కుని వచ్చేసరికి మీరు ఇంకోటి పెట్టేసి, ముందు ఇది వింటేగానీ అది అర్థం కాదన్నారట. తప్పుపట్టి చెప్పలేదు. నవ్వుతూనే చెప్పింది."

నవ్వుతూ చెప్పిందనడంతో ఆయనకి ఇంకా కష్టమైంది. ఏడుస్తూ చెప్పి ఉంటే ఆ ఏడుపు తన కోసమని అయినా అనుకునేవాడు. నవ్వితే అది అనంతలక్ష్మి కోసం. తన ఇంట్లో ఆదివారాలు పక్కగదిలో కూర్చుని పద్మిని బట్టలు మడతపెడుతుంటే, సంగీతం పట్టదు పాపం అని తను జాలిపడేవాడు. మంగళవారం మధ్యాహ్నాలు ఆరు మైళ్ళ దూరంలో ఆ మనిషే కాళ్ళు చాపుకుని కూర్చుని వింటోంది. తన భార్య అంతవరకూ తను చూడని ఒక మనిషి. ఆ మనిషిని పదకొండేళ్ళు చూసింది ఈవిడ.

"బొట్టు ఎప్పుడు పెట్టింది?" అన్నాడు.

"ప్రతి దసరాకీ. చదువుకున్న పుస్తకం పెట్టినట్టే, విన్న రికార్డూ పెట్టాలనేది. 2005 దాకా తను పెట్టింది. తర్వాత పైన నేను పెడుతూ వచ్చాను. మొన్న దసరాకీ పెట్టాను."

"అంతా తీసేశాను."

"అవును," అంది అనంతలక్ష్మి. పర్లేదు అని అనలేదు. ఆవిడ అలా అనకపోవడం ఆయనకి గౌరవంగా తోచింది. అనుంటే ఇంటికెళ్ళిపోయి ఉండేవాడు.

ఆవిడే అడిగింది. "ఎలా ఉంది మరి?"

"ఏది?"

"పాట."

"వినలేదమ్మా. కడిగాక ఒకరోజు ఆరనివ్వాలి."

"అసలెప్పుడూ వినలేదా?"

"వినలేదు."

అనంతలక్ష్మి ఆయన్ని జాలిగా చూసింది. ఆ చూపు గౌరీశంకర్‌కి తెలిసినదే. బట్టలు మడతపెట్టే పద్మినిని తను చూసిన చూపు అది.

ముగ్గురూ బేస్‌మెంట్‌లోకి దిగారు. అరలన్నీ ఖాళీ, రికార్డులు పెట్టెల్లో. ప్లేయర్ని మాత్రం ఇంకా ఎవరూ కదపలేదు. అనంతలక్ష్మి మొదటి వైపు అడగను కూడా అడగలేదు, రెండో వైపు పెట్టింది. సూదిని వేలితోనే ఎత్తి దబ్బున దించింది. స్పీకర్‌లో పిడుగు పడ్డట్టయింది. గౌరీశంకర్ పళ్ళు బిగించి ఊరుకున్నాడు.

చిటపటల మధ్యనుంచి ఎలక్ట్రిక్ పియానో మొదలైంది. వెనకే డ్రమ్స్ మీద బ్రష్షులు, తర్వాత లావు గొంతుతో శాక్సఫోన్. ఐదు స్వరాల మోహన రాగం, ఇంటి వరండాలో వినిపించేలాంటిది, ఇక్కడ సిగరెట్ పొగ పట్టిన గదిలోకి నడిచొచ్చినట్టుంది. చక్రపాణి వయొలిన్ రావడానికి తొందరపడలేదు. వచ్చాక వాళ్ళతో పోటీ పడలేదు. గౌరీశంకర్ ఒప్పుకోక తప్పలేదు. బాగుంది. వాసుదేవరావు సోఫాలో కూర్చుని చెప్పాల్సివస్తుందని భయపడినంత బాగుంది.

"ఇప్పుడు చూడండి," అంది అనంతలక్ష్మి.

శాక్సఫోన్ ఒక ప్రశ్న అడిగినట్టు వాయించి ఆగింది. అందరూ ఆగారు. వయొలిన్ అందుకోవాలి. అందుకోలేదు. ఒక్క చిటికె ఆలస్యంగా, అప్పుడే తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చి కూర్చుంది.

"ఇక్కడే. ఇక్కడ ప్రతిసారీ ‘వచ్చాడమ్మా పెద్దమనిషి’ అని నవ్వేది. ఐదొందలసార్లు విన్నా నవ్వేది. నాకు వయొలిన్ కంటే ఆ నవ్వే గుర్తు."

గౌరీశంకర్ చెవులు రిక్కించాడు. గీతల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ నవ్వు ఈవిడ చెవుల్లో ఉంది, తన చెవుల్లో లేదు.

"మళ్ళీ పెట్టమ్మా," అన్నాడు.

మళ్ళీ పెట్టింది. మూడోసారి కూడా పెట్టింది. వాసుదేవరావు మధ్యలోనే లేచి, "నేను పైకి పోతున్నా, మీ పారాయణం కానివ్వండి," అని మెట్లెక్కాడు. మూడోసారి వయొలిన్ ఆలస్యంగా వచ్చినప్పుడు గౌరీశంకర్‌కి తెలియకుండానే పెదవి కదిలింది. నవ్వు కాదు, నవ్వు ఎక్కడ పుట్టి ఉంటుందో తెలిసింది. అంతవరకైనా దక్కిందనుకున్నాడు.

పైకి వచ్చేసరికి తొమ్మిదవుతోంది. టీవీ మౌనంగా వెలుగుతోంది, వాసుదేవరావు సోఫాలో నిద్రపోయాడు. అనంతలక్ష్మి అట్టలో పెట్టిన రికార్డుని ఆయన వైపు చాపింది. గౌరీశంకర్ వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండు లేసులకి అంతసేపు పట్టదు.

"ఇర్వింగ్‌లో ప్లేయర్ పెట్టుకోడానికి చోటుందా?" అన్నాడు తలెత్తకుండా.

"వంటింటి గట్టు మీదైనా పెడతాను. మరి మీరు ఇరవై మూడేళ్ళు..."

"పోపు చిందకుండా చూసుకో." లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపలేదు. చాపాలనే ఉంది. అట్ట అంచు అంగుళం దూరంలో ఉంది. "ఎల్లుండి మంగళవారం."

"అవును."

"నేను రావచ్చా?"

"ఒంటిగంటన్నరకి. ముందు ఇరవై నిమిషాలు బుద్ధిగా కూర్చోవాలి మరి."

"కూర్చుంటా. ఆపై మంగళవారం కూడా ఉన్నారుగా?"

"ఉన్నాం. అదే ఆఖరు."

గౌరీశంకర్ చలిలోకి నడిచి కార్ ఎక్కాడు. స్టార్ట్ చేయకుండా లెక్క వేశాడు. ఏడాదికి యాభై మంగళవారాల చొప్పున పదకొండేళ్ళు ఆవిడకి. తనకి రెండు. వాసుదేవరావు మీద కుళ్ళినన్నాళ్ళు వాడిని తిట్టుకుని మనసు చల్లార్చుకునేవాడు. అనంతలక్ష్మిని తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఆ మంగళవారాలు ఎవరూ లాక్కోలేదు, క్వార్టర్ ఎగరేసి గెలుచుకోనూ లేదు. ఒకరోజు పద్మిని పెట్టమన్నది ఆవిడ పెట్టింది, అంతే. అయినా కడుపులో మంట అలాగే ఉంది. ఉండనీ అనుకున్నాడు. రెండు మంగళవారాలు అసలు లేకపోవడం కంటే నయం.

కార్ వెనక్కి తీస్తూ ఇంటి వైపు చూశాడు. అనంతలక్ష్మి రికార్డుని గుండెకి ఆనించుకుని గుమ్మంలో నిలబడే ఉంది. ఆయన కార్ రోడ్డు మీదికి తిరిగేదాకా ఆగి, లోపల నిద్రపోతున్న మనిషి లేవకుండా, గడియని వేలితో నొక్కిపట్టి, ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసింది.